పలక, కేడెం, డాలు

దెబ్బ కాచుకునే ఆయుధానికి తెలుగులో ఉన్న పేర్లలో కొన్ని దాని పుట్టుకను కూడా చెబుతాయి. పలక అనేది సంస్కృత ఫలకం. ఫలకమంటే చెక్క బల్ల. బడిపిల్లల పలకదీ ఇదే మూలం. అమరకోశం ఫలకం పక్కనే చర్మం అనే మాటనూ అదే అర్థంలో చెప్పి, లోపలి పిడికి సంగ్రాహం అని వేరే పేరు పెట్టింది. చెక్క, తోలు: పాత కాలపు ముడిసరుకులు ముఖ్యంగా ఈ రెండే. కేడెం ఖేటకానికి తెలుగు రూపం. డాలు ఉత్తరాది నుంచి దిగి, చివరికి మిగతా రెండింటినీ మింగేసింది.

చెక్కా తోలూ మన ఎండావానలకు ఎంతోకాలం నిలవవు. మధ్యయుగపు డాళ్ల ఆకారం తెలియాలంటే రాతి బొమ్మలే పెద్ద దిక్కు. వాటికి చిత్తూరు సీమలో కొదవ లేదు. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె చుట్టుపక్కల బాణ, వైదుంబ, నొళంబ రాజుల కాలపు, అంటే 8–10 శతాబ్దాల నాటి వీరగల్లులు చాలా ఉన్నాయి. ఊరి పశువులను తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయినవారి కోసం నిలిపిన రాళ్లు వాటిలో ఎక్కువ. చాలా రాళ్ల మీద వీరుడికి ఎడమ చేత విల్లు, కుడి చేత బాకు ఉంటాయి, డాలు ఉండదు. విల్లు పట్టినవాడికి డాలు పట్టే చెయ్యి మిగలదు మరి. కత్తి దూసినవాడి చేతిలో మాత్రం అది కనిపిస్తుంది, ఒకచోట గుండ్రంగా, మరోచోట నిలువుపాటి పలకగా. కొలతల విషయంలో శిల్పిని పూర్తిగా నమ్మకూడదు. వీరుడి మొహం, రొమ్ము మరుగున పడకుండా డాలును పక్కకు జరిపి, కుదించి చెక్కి ఉండవచ్చు.

విజయనగర కాలానికి వస్తే రాతికి తోడు రాతపూర్వక సాక్ష్యం దొరుకుతుంది. 1485లో సింహాసనం ఎక్కిన సాళువ నరసింహుడు అంతకుముందు బలం కూడగట్టుకున్నది చంద్రగిరిలోనే. ఆ రాజ్యంలో నాయకులు తమ భూములకు బదులుగా ఎవరి బలగాన్ని వారు పోషించి తేవాలి. అందుకే దండులో అందరి డాళ్లూ ఒక్క అచ్చున ఉండేవి కావు. 1520 నాటి రాయచూరు యుద్ధాన్ని వర్ణిస్తూ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఎవరి తీరున వారు ఆయుధాలు పట్టారని రాశాడు. విలుకాండ్రు, తుపాకులవాళ్లు దూది కుట్టిన అంగీలు తొడిగారట. డాలు బంటులకు ఆ అంగీ కూడా అక్కర్లేదట. ఒళ్లంతా కప్పేంత పెద్ద డాలే వాళ్లకు కవచం. రాయలసీమ ఎండలో మైళ్ల కొద్దీ నడిచే కాలిబంటుకు ఒంటికి చుట్టుకున్న కవచం కన్నా, అవసరమైనప్పుడు ముందుకు పట్టుకునే డాలే నయం.

అదే కాలంలో రాజధానిలో దండు కవాతు చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పేస్ కన్ను డాళ్ల పైపూత మీద పడింది. బంగారు, వెండి పువ్వులు దిద్దినవి కొన్ని, పులుల బొమ్మలున్నవి కొన్ని, రంగులు వేసినవి కొన్ని. ఇంకొన్ని నల్లగా, అద్దంలా మొహం కనబడేంత నిగనిగలాడుతూ ఉన్నాయట.

గుర్రపు రౌతు లెక్క వేరు. ఎడమ చేత్తో కళ్లెం పట్టాలి గనుక అతనికి నిలువెత్తు పలక పనికిరాదు. జానెడున్నర నుంచి మూరెడు దాటి ఉండే గుండ్రటి డాలు చాలు. ఈ డాలు మధ్యలో ఉబ్బి, అంచు వైపు వాలుతుంది. తగిలిన కత్తి జారిపోవడానికి ఆ వాలు. ముందువైపు కనిపించే నాలుగు బొడిపెలు ఉత్త సింగారం కాదు. వాటి మొలలు వెనక్కి దిగి ఉంగరాలను పట్టి ఉంచుతాయి, ఆ ఉంగరాలకు రెండు పట్టీలు. రెంటినీ కలిపి పిడికిట బిగిస్తారు. వేళ్ల కణుపులు తగిలేచోట చిన్న మెత్త ఉంటుంది. అది లేకపోతే మొదటి గట్టి దెబ్బకే కణుపులు చితుకుతాయి. పోరు లేనప్పుడు డాలు వీపు మీదికి పోతుంది.

గుళ్లలోనూ ఈ ఆయుధం కనిపిస్తుంది. రాయచోటి, లేపాక్షి వీరభద్రుడి కొలువులు. వీరభద్రుడి చేతుల్లో కత్తి, విల్లు, బాణంతో పాటు ఖేటకం ఉండటం ఆనవాయితీ. శ్రీరంగం శేషరాయర్ మండపంలో ముందుకాళ్లెత్తిన గుర్రాల కింద కత్తీ డాలూ పట్టిన కాలిబంటులు నిలబడి ఉంటారు.

ఐరోపాలో 11వ శతాబ్దపు నార్మన్ రౌతు భుజం నుంచి మోకాలి దాకా వచ్చే, కింద మొనదేలిన పొడుగాటి డాలు పట్టాడు. ఇనుప రేకుల కవచం మెరుగైన కొద్దీ అది కురచబారి, చివరికి చేతి నుంచి జారిపోయింది. ఇక్కడ అలాంటి ఇనుప తొడుగు కాలిబంటు దాకా రాలేదు గనుక డాలు చాలాకాలం నిలిచింది.

దాన్ని దించింది తుపాకి. 1782 డిసెంబరులో మైసూరు పాలకుడు హైదర్ అలీ చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో చనిపోయేనాటికి కాలిబలంలో ముఖ్యులు తుపాకులవాళ్లే. మందు పోసి, గుండు దిగ్గొట్టి, గురి చూడటానికి రెండు చేతులూ కావాలి. వీరగల్లు మీది విలుకాడికి లాగే వీళ్లకూ డాలు పట్టే చెయ్యి మిగల్లేదు.