హట్టి పాతగనులు: నైజాము సీమలో బంగారపు తవ్వకం, శుద్ధి

మెదకు పట్టణం చుట్టూ ఉన్నది గ్రానైటు, నైసు శిలల నేల. దక్కనులో బంగారం ప్రధానంగా షిస్టు శిలల నడుమ చొచ్చుకొనిపోయిన పలుగురాతి సిరలలో దొరుకుతుంది. అందువల్ల ఒకప్పుడు గుల్షనాబాదుగా వ్యవహరించిన ఈ పట్టణం ఔసులవారి కుంపట్లనే ఎరుగును గాని గనులను ఎరుగదు. గనులు అదే నైజాము రాజ్యపు నైరుతి అంచున, రాయచూరు దోఆబులోని హట్టిలో ఉండేవి.

హట్టి పాతగనులు సుమారు 640 అడుగుల లోతు దాకా సాగాయి. పేలుడుమందు లేని కాలంలో ఇది సామాన్యమైన పని కాదు. రాతిముఖం మీద కట్టెలు పేర్చి కాల్చేవారు. కాగిన రాతిపై నీళ్లు చల్లితే అది బీటలువారేది. ఆపైన ఇనుప ఉలితో, సుత్తితో పెళ్లగించేవారు. ఇరుకు సొరంగంలో ఆ పొగను, ఊరే నీటిని ఎట్లా భరించారన్నదే అసలైన ప్రశ్న. పైకి చేర్చిన రాతిని బండలపై పొడిచేసి, నీటిలో కడిగేవారు. పలుగురాతి కంటె బంగారం ఏడురెట్లు బరువైనది కనుక పొడి కొట్టుకుపోయి రేణువులు అడుగున నిలిచేవి. 1802లో కోలారు సీమను చూచిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ అక్కడ రాతిని దంచి కడిగేది స్త్రీలేనని గమనించాడు. గనుల చరిత్రలలో రాజుల పేర్లు ఉన్నాయి. ఈ దంచినవారి పేర్లు లేవు.

1915లో హట్టికి సమీపాన మస్కి వద్ద అశోకుని శాసనాన్ని కనుగొన్నవాడు నైజాము ప్రభుత్వపు బంగారుగనుల ఇంజనీరు సి. బీడన్. అశోకుడన్న పేరు స్పష్టంగా కనిపించిన తొలి శాసనమది. బ్రహ్మగిరి శాసనంలోని సువర్ణగిరిని కొందరు మస్కి దాపులోని కనకగిరిగా, మరికొందరు కర్నూలు సీమలోని జొన్నగిరిగా గుర్తించారు. ఈ ఆధారాలతో హట్టి తవ్వకాన్ని మౌర్యులకు అంటగట్టడం తొందరపాటు. పాతగనులలో దొరికిన కలపకు కార్బన్ పరీక్ష సుమారు 2 వేల ఏళ్ల వయస్సు చెప్పింది. ఆ లెక్క అశోకుని కంటె శాతవాహనుల కాలానికే దగ్గర. శాసనం రాజు ఉనికిని చెప్పగలదు. గనిలో పని ఎప్పుడు జరిగిందో చెప్పవలసింది ఆ కట్టెయే.

ఆధునిక కంపెనీలు కొత్తచోట్ల వెదకలేదు, పాతగుంతల వెంటనే దిగాయి. మారినది శుద్ధి. 1887లో గ్లాస్గోలో మెకార్థర్, ఫారెస్టు సోదరులు రూపొందించిన పద్ధతిలో, సన్నగా నూరిన ఖనిజంపై పలుచని సయనైడు ద్రావణాన్ని పారిస్తే గాలిలోని ప్రాణవాయువు తోడై బంగారం కరుగుతుంది. జింకు తగిలితే విడివడుతుంది. కడుగుడులో చేజారిన అతి సూక్ష్మరేణువులు దీనితో చేతికందాయి.

1920లో ఆగిన హట్టి పని 1947లో హైదరాబాదు బంగారుగనుల కంపెనీతో మళ్లీ మొదలైంది. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రానికి, మెదకు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. హట్టిలో తవ్వకం నేటికీ సాగుతున్నది.