షీషా కాని షీషా: హైదరాబాద్ విమానాల నుంచి మన దాదీల కళ్ల దాకా



మెండోర నుంచి ఆర్మూర్ బజారుకు పోయినా, నిజామాబాద్, బోధన్ తిరిగినా ఆక్రిలిక్ షీటు కనబడని గల్లీ ఉండదు. దుకాణాల లైటు బోర్డులు, స్కూలు ఇనామ్ షీల్డులు, షాదీ ఫోటో ఫ్రేములు, గోడ మీది తుగ్రాలు అన్నీ దానివే. జనం దాన్ని 'పగలని అద్దం' అంటారు. హకీకత్‌లో అది అద్దమే కాదు, ఒక రకం ప్లాస్టిక్. దాని తారీఖ్‌లో మన రియాసత్ పేరు కూడా ఒక మూల రాసి ఉంది.

1930లలో జర్మనీలో ఓటో రోమ్, ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీ కెమిస్టులు దాదాపు ఒకే జమానాలో ఈ షీటును తయారు చేశారు. అక్కడ ప్లెక్సిగ్లాస్, ఇక్కడ పెర్‌స్పెక్స్ అని పేర్లు పెట్టారు. మామూలు అద్దం బరువులో సగమే ఉంటుంది. వెలుతురును నూటికి 92 వంతులు అవతలికి పంపుతుంది. దెబ్బ గట్టిగా తగిలితే అదీ పగులుతుంది గానీ, అద్దంలా వేల సన్నటి ముక్కలు కాదు. వేడి చేస్తే ఏ షకల్‌లోకి వంచితే ఆ షకల్‌లోకి వంగుతుంది. జంగీ విమానంలో పైలట్ తల మీద కప్పు వేయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

1939లో జంగ్ మొదలైంది. నిజాం హుకూమత్ బ్రిటిష్ వాళ్లకు విమానాల కోసం పైసలిచ్చింది. దానికి నిషానీగా రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో 152వ దళానికి 'హైదరాబాద్', 253వ దళానికి 'హైదరాబాద్ స్టేట్' అని పేర్లు పెట్టారు. 152వ దళం బ్యాడ్జి మీద నిజాం దస్తార్ బొమ్మ ఉంది. దాని కింది మాటకు అర్థం 'వఫాదార్ దోస్త్'. 1940లో ఇంగ్లండ్ ఆస్మాన్‌లో ఒకరు స్పిట్‌ఫైర్‌లతో, ఇంకొకరు హరికేన్‌లతో లడాయి చేశారు. రెండింటి కప్పులూ పెర్‌స్పెక్స్‌వే. 152వ దళం తర్వాత బర్మా దాకా వచ్చింది. ఖజానా పైసలు ఎక్కడివి? లగాన్, పన్నులు కట్టిన రైతులవి, రయ్యత్‌వి. ఆ విమానాలను వాళ్లు కళ్లతో చూసింది లేదు. ఆ జంగ్‌లో దిగాలా వద్దా అని వాళ్లను అడిగిన వాళ్లూ లేరు.

అయితే కిస్సా అక్కడే ఆగలేదు. 1940 ఆగస్టులో 601వ దళం పైలట్ గోర్డన్ క్లీవర్ హరికేన్‌కు దెబ్బ తగిలి, కప్పు ముక్కలు రెండు కళ్లలో గుచ్చుకున్నాయి. ఆయన మన పేరున్న దళం వాడు కాదు, కానీ కప్పు అదే మసాలాది. ఆయనకు ఇలాజ్ చేసిన డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ ఒక అజీబ్ విషయం గమనించారు. ఇలాంటి పైలట్ల కళ్లలో పెర్‌స్పెక్స్ ముక్క ఏళ్ల తరబడి ఉండిపోయినా కన్ను వాయదు, చీము పట్టదు.

ఆ రోజుల్లో మోతియాబిందు ఆపరేషన్ అంటే మసకబారిన కంటి లెన్సు తీసేయడమే. దాని బదులు సీసా అడుగంత మందం ఐనక్ పెట్టుకుని బతకాలి. తీసిన చోట ఇంకో లెన్సు ఎందుకు పెట్టరని ఒక స్టూడెంట్ రిడ్లీని అడిగాడు. ఆయన 1949 నవంబర్ 29న లండన్‌లో సెయింట్ థామస్ హాస్పిటల్లో ఒక ఔరత్ కంట్లో పెర్‌స్పెక్స్ లెన్సు పెట్టారు. పెద్ద పెద్ద డాక్టర్లు ఏళ్ల తరబడి ముఖాలిఫత్ చేశారు. చివరికి దునియా ఆయన మాటే విన్నది. 1990లలో మదురైలో లెన్సులు సస్తాగా తయారవడంతో గరీబులకూ అవి అందాయి. ఇప్పుడు మడతపడే మెత్తటి లెన్సులొచ్చాయి. అవీ ఎక్కువగా ఆక్రిలిక్ ఖాందాన్‌వే. ఆపరేషన్ అయిన మన దాదీ, నానీ మళ్లీ సూదిలో దారం ఎక్కిస్తున్నారంటే దాని వెనక ఈ కిస్సా ఉంది.

ఇక మన ఇంటి మాట. బోధన్ శక్కర్ నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అక్కడ పనిచేసిన వాళ్ల కార్డులు, ఫోటోలు, పాత సనద్‌లు, నికాహ్‌నామాలు ఎన్నో ఇళ్ల సందూక్‌లలో నలుగుతున్నాయి. ఫ్రేము కట్టిస్తే అద్దం కన్నా ఆక్రిలిక్ మేలు. కింద పడినా ముక్కలు కాగితాన్ని కోయవు. కానీ కొంచెం ఎహతియాత్ కావాలి. కాగితం షీటుకు ఆనకుండా మధ్యలో సందు ఉంచమనండి. ఎండ కాటును ఆపే రకం షీటు అడగండి, లేకుంటే సిరా వెలిసిపోతుంది. పొడిబట్టతో రుద్దితే గీతలు పడతాయి, దుమ్మును లాగుతుంది. తడి మెత్తటి బట్ట చాలు. స్పిరిట్ అసలే వద్దు, షీటు చిట్లుతుంది. ఊదుబత్తి, చిరాగ్ దూరం పెట్టండి, ఇది మండుతుంది.

హైదరాబాద్ పేరును లండన్ వాళ్లు తమ రికార్డుల్లో ఇప్పటికీ జాగ్రత్తగా దాచుకున్నారు. చెరకు నరికి, ఫ్యాక్టరీ భోంగా విని పరుగెత్తిన మన బుజుర్గుల పేర్లు దాచాల్సింది మనమే. ఈ జుమ్మా నాడు ఆ సందూక్ ఒకసారి తెరవండి.