ముసలమ్మ కట్ట: ముసలితనం దక్కని ముసలమ్మ కథ

అనంతపురం పట్నానికి ఆనుకొని ఉన్న బుక్కరాయసముద్రం పేరు మన జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు. సముద్రానికి ఎంతో దూరంలో, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడే ఈ నేలమీద ఒక ఊరికి "సముద్రం" అని పేరు పెట్టారంటే, ఇక్కడి జనానికి చెరువు ఎంత పెద్ద సంపదో అర్థం చేసుకోవచ్చు. ఆ చెరువు కట్టతోనే ముడిపడిన ఒక ఆడపడుచు కథను మన యువత తెలుసుకోవాలి.

చెరువు పుట్టుక

విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరు వాగుకు అడ్డంగా ఈ చెరువు కట్టించాడని చరిత్ర చెబుతోంది. కట్టకు రెండు కొనల్లో రెండు ఊళ్లు వెలిశాయి. రాజు పేరుమీద బుక్కరాయసముద్రం, రాణి అనంతమ్మ పేరుమీద అనంతసాగరం. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం. అంటే ఈ రెండు ఊళ్లూ ఒకే చెరువు బిడ్డలు.

చెరువంటే నీళ్లు నిలిచే గుంత మాత్రమే కాదు. మట్టి కట్ట, నీళ్లు వదిలే తూము, నిండితే పొర్లిపోయే మరవ, పొలాలకు వంతుల ప్రకారం నీళ్లు పెట్టే నీరుగంటి, అందరూ కలిసి చేసే పూడికతీత, ఇవన్నీ ఉంటేనే చెరువు నిలుస్తుంది. మట్టి కట్టకు రెండు భయాలు. లోపల చిన్న బొక్క పడి నీళ్లు ఊరడం మొదలైతే అది గండిగా మారుతుంది. మరవ చాలక నీళ్లు కట్ట మీదుగా పొర్లితే కట్టే కోసుకుపోతుంది. కరువు సీమలో వాన రాకపోవడం ఒక కష్టమైతే, వచ్చినప్పుడు ఒక్కసారిగా రావడం ఇంకో కష్టం. 2022 అక్టోబరులో అనంతపురం కాలనీల్లోకి వరద నీళ్లు వచ్చిన సంగతి మీరు మరిచిపోయి ఉండరు.

ముసలమ్మ ఎవరు?

ఒకసారి పెద్దవాన కురిసి చెరువు నిండింది. కట్ట తెగేటట్టు ఉంది. ఊరంతా పోగై ఎంత మట్టి వేసినా నిలవలేదు. బసిరెడ్డి అనే ఆయన చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని దేవత మాట వినిపించిందట. ఇంట్లోవాళ్లు గుండెలు బాదుకున్నారు. ముసలమ్మ మాత్రం ఊరు బతకాలని తనంతట తానే గండిలోకి నడిచి వెళ్లిందని, కట్ట నిలిచిందని జనం చెప్పుకొన్నారు. కట్టలో ఆ భాగానికి "ముసలమ్మ కట్ట" అన్న పేరు నిలిచింది.

పేరు ముసలమ్మ అయినా ఆమె ముసలిది కాదు. అవ్వల పేర్లు మనవరాళ్లకు పెట్టుకునే పల్లెల్లో అది మామూలు పేరే. కానీ ఆ పేరులో ఉన్న ముసలితనం ఆమెకు దక్కలేదు.

కథ ఎట్లా మిగిలింది?

చాలాకాలం ఈ కథ జనం నోళ్లలోనే బతికింది. సి.పి. బ్రౌన్ దొర 1853లో అనంతపురం చరిత్రను అచ్చు వేయించాడు. అందులోని ముసలమ్మ కథ చదివి కట్టమంచి రామలింగారెడ్డి 1899లో, మద్రాసులో చదువుకునే రోజుల్లో, "ముసలమ్మ మరణము" కావ్యం రాశారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. రాజులను, దేవతలను కాకుండా ఒక పల్లె కోడలిని నాయికగా పెట్టినందుకు తెలుగు సాహిత్యంలో కొత్తదారి తీసిన కావ్యాల్లో దానికి చోటు దక్కింది. ఆ విద్యార్థే తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షుడయ్యారు.

మనం అడగాల్సిన ప్రశ్న

పక్కనే ఉన్న కన్నడ సీమలో "కెరెగె హార" అనే జానపద కథాగేయం ఉంది. అందులోనూ చెరువుకు బలి అయ్యేది ఇంటి చిన్న కోడలే, పేరు భాగీరథి. రెండుచోట్లా కోడలే ఎందుకు? వేరే ఇంటినుంచి వచ్చిన పిల్ల, కాదనే బలం లేని పిల్ల కాబట్టి కాదా? ముసలమ్మ ధైర్యానికి చేతులెత్తి మొక్కుదాం. అయితే కట్టను నిలబెట్టేది పూడికతీత, మరమ్మతు, మరవను మూసేయకుండా చూసుకోవడం. ఊరు చేయాల్సిన పని ఊరు చేస్తే ఏ ఆడబిడ్డా ప్రాణం ఇవ్వాల్సిన అవసరం రాదు.

మన అవ్వల మాటేమిటి?

యువ మిత్రులారా, మన గిరిజన చరిత్రలోనూ ఇట్లాంటి తల్లులు ఉన్నారు. కరువులో కప్పం కట్టలేని కోయల పక్షాన కాకతీయ సేనతో పోరాడిన సమ్మక్కను మేడారంలో రెండేళ్లకోసారి లక్షలమంది కొలుస్తున్నారు. మన జిల్లాలోనే గుత్తి దగ్గర సేవాగఢ్‌లో సేవాలాల్ మహారాజ్ జయంతి జరుపుకుంటాం. ఆయనను కన్న ధర్మణి యాడి గురించి మనకు ఎంత తెలుసు?

ముసలమ్మ కథ మిగిలింది, ఎవరో రాసిపెట్టారు కాబట్టి. మన తండాల్లో, ఎరుకల ఇళ్లలో ఎందరో ముసలమ్మలు నిండు జీవితం బతికారు. కరువొచ్చి మగవాళ్లు బెంగళూరుకో కేరళకో వలస పోతే ఇల్లు, గొడ్డు, పిల్లలను కాపాడింది వాళ్లే. పక్కింటి కాన్పుకు అర్ధరాత్రి పరుగెత్తినవాళ్లు, గొడవలు తీర్చినవాళ్లు, మనవరాలిని బడికి పంపమని కొడుకుతో పోట్లాడినవాళ్లు వాళ్లే. ఊరికోసం చచ్చిపోయిన ఆమెకు కావ్యం దక్కింది. ఊరికోసం ఎనభై ఏళ్లు బతికిన ఆమెకు ఒక పేజీ కూడా లేదు.

మన గోరు బోలీకి, ఎరుకల భాషకు సొంత లిపి లేదు. అవ్వ పోతే ఆమెతోపాటు పాటలు, మందుమొక్కల పేర్లు, వలస దారుల గుర్తులు అన్నీ పోతాయి. ఇప్పుడు మీ అందరి చేతుల్లో ఫోను ఉంది. ఈ సెలవుల్లో మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఏ కరువు గుర్తుంది, అప్పుడు ఏం తిన్నారు, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చారు, పెళ్లిలో ఏ పాట పాడారు అని అడగండి. ఆమె భాషలోనే రికార్డు చేసి, తెలుగు లిపిలో రాసి, ఊరి పేరు, తేదీ వేసి దాచిపెట్టండి. బుక్కరాయసముద్రం మండలంలోని జంతలూరులోనే ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. రేపు అక్కడ మన చరిత్ర మీద పరిశోధన చేసే బిడ్డకు మీరు రాసిన ఆ కాగితమే మొదటి ఆధారం కావచ్చు.