కుర్చీ, బెంచీ, నేల

1611లో గ్లోబ్ అనే ఓడలో వచ్చిన ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టినప్పుడు, ఇంటి సామాన్ల పేర్లు నేర్చుకోవలసిన అవసరం వాళ్ళకే వచ్చింది, మనకు కాదు. కొనేవాడికి సరుకు పేరు తెలియాలి కదా! మంచం మీద పరిచే కలంకారీ దుప్పటిని ఇక్కడి బజారులో పలంగ్‌పోష్ అంటుంటే విని, వాళ్ళు పలంపోర్ అన్నారు. ఆ అద్దకం గుడ్డలు లండన్ ఇళ్ళల్లో పడకలకూ తెరలకూ ఎంతగా పాకాయంటే, అక్కడి నేతగాళ్ళు గోలపెట్టి 1700లో ఒకసారి, 1721లో మరొకసారి పార్లమెంటు చేత నిషేధం పెట్టించారు. సరుకు దాచుకునే గోడౌను మలయ్ భాష మీదుగా ఇంగ్లీషులో చేరింది. దాని వెనక మన గిడ్డంగి ఉందని చెప్పే నిఘంటుకారులున్నారు. గిడ్డంగిలో ధాన్యం మేసే పందికొక్కు సంగతిలో మాత్రం ఏ అనుమానమూ లేదు. అది బాండికూట్ అయి ఆస్ట్రేలియా దాకా వెళ్ళి, అక్కడ ఇంకో జంతువుకు పేరై కూర్చుంది.

మరి మనవాళ్ళు ఇంగ్లీషు ఇంటి మాటలు ఎక్కడ నేర్చారు? బడిలో అని చప్పున అనేస్తాం. బడికి అందులో వాటా చాలా తక్కువ.

బడి ఎక్కడ జరిగేదో చూడండి. ఎవరో ఒక సంపన్న గృహస్థు ఇంటి అరుగు మీద, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతూ. తెల్లదొరలకు అరుగును ఏమనాలో తెలియలేదు. వాళ్ళ ఇళ్ళకు అరుగులు లేవు మరి. బల్లపీట అనే అర్థంలో పోర్చుగీసువాళ్ళు వాడే పొయాల్ అనే మాటను అందుకుని పయాల్ అన్నారు. ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో 1873లో చార్లెస్ గోవర్ మద్రాసు వీధిబడుల గురించి రాసిన వ్యాసానికి పయాల్ స్కూల్స్ అనే పేరు పెట్టారు. ఆ బడుల్లో చెప్పింది అమరం, ఎక్కాలు, శతకాలు. ఇంగ్లీషు వాసన లేదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన మిషన్ బడిలో ఇంగ్లీషు ఉంది, బైబిలూ ఉంది. కానీ వంటింట్లో గరిటెను ఏమంటారో నేర్పడం అక్కడి పంతుళ్ళ పని కాదు.

ఆ పని చేసినవాళ్ళకు చరిత్రలో పేర్లు లేవు. దొరల బంగళాల్లో బట్లర్లు, ఆయాలు, వంటవాళ్ళు, దుబాసీలు. మద్రాసు రాజధాని అంతటా వాళ్ళు మాట్లాడిన ఇంగ్లీషుకు బట్లర్ ఇంగ్లీష్ అని వెక్కిరింపు పేరొకటి అంటగట్టి, 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో కూడా ఎక్కించారు. నవ్వినవాళ్ళు నవ్వనీ, ప్లేటును ప్లేటుగా, కెటిల్‌ను కెటిల్‌గా ఈ నేల మీద మొదట పలికిన తరం అదే. హ్యూగో షుహార్ట్ అనే భాషాశాస్త్రవేత్త 1891లో దీన్ని పట్టించుకుని రాశాడు. మన పండితులకు అది చదువులాగే కనిపించలేదు.

పండితుల ధోరణి వేరు. మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక నిఘంటువు కూర్చాడు. దొరలు తెలుగు నేర్చుకోవడానికి కాంప్‌బెల్ 1816లో వ్యాకరణం, 1821లో నిఘంటువు అచ్చువేయించాడు. వీటన్నిటికీ కొలబద్ద కావ్యభాష. బజారులో, కచేరీలో, ఇంట్లో తిరిగే పరభాషా పదాలకు కూడా ఒక పుస్తకం కావాలని పట్టుబట్టినవాడు సి.పి. బ్రౌన్. 1854లో వచ్చిన ఆయన మిశ్రభాషా నిఘంటువు పుట్టింది అలాగే. అప్పటికే మన ఇళ్ళల్లో అల్మారా, బొత్తాం, ఇస్త్రీ పోర్చుగీసు మూలాలు మరిచిపోయి హాయిగా కాపురం చేస్తున్నాయి.

కృష్ణ మీద ఆనకట్ట 1855కి పూర్తయ్యాక డెల్టా ఊళ్ళలో కాలవ గట్ల వెంట ఇంజనీర్ల బంగళాలు లేచాయి. లాకు అనే ఇంగ్లీషు మాట లాకులై పడవవాళ్ళ నోట స్థిరపడింది. రైలు వచ్చాక బెజవాడలో క్వార్టర్లు. ఇల్లు ముందు మారింది, మాట దాని వెనక వచ్చింది.

బెజవాడకు దగ్గర్లోని మైలవరానికి ఇందులో ఒక ముచ్చటైన వాటా ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో మైలవరం జమీందారుల ఆదరణతో బాలభారతీ నాటక సమాజం నడిచింది. యడవల్లి సూర్యనారాయణ వంటి నటులు అందులో వెలిగారు. ఆ రోజుల్లో నాటకం చూడాలంటే కుర్చీ, బెంచీ, నేల అని మూడు రకాల టిక్కెట్లు. కుర్చీ అరబ్బీ, బెంచీ ఇంగ్లీషు, నేల మనది. బడి మొహం చూడని రైతు కూడా బెంచీకీ కుర్చీకీ తేడా అణాల్లో నేర్చుకున్నాడు. స్టేజి, కర్టెను, లైటు, గేటు ఆ రాత్రుల్లోనే ఊళ్ళకు చేరాయి. పాఠ్యపుస్తకం కన్నా టిక్కెట్టు మంచి గురువని నా నమ్మకం.

తర్వాత సినిమా హాళ్ళూ ఇదే లెక్క పాటించాయి.

ఇంగ్లీషు మాటలు ఇలా వచ్చి చేరుతుంటే మన ఇంటి మాటలు ఏమయ్యాయి? 1968లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన మాండలిక వృత్తిపదకోశంలో గృహనిర్మాణ సంపుటం బూదరాజు రాధాకృష్ణ తయారుచేశాడు. ఇళ్ళు కట్టే పనివాళ్ళ నోటి మాటలకు అందులో చోటిచ్చాడు. దూలం, వాసం, పెణక, దంతె, చూరు, అటక. బంగళా పెంకులు పోయి స్లాబు వచ్చాక ఇందులో సగానికి పైగా మాటలకు చూపించడానికి వస్తువు లేదు.

కొన్నేళ్ళ కిందట ప్రభుత్వ బడుల్లో పంచిన విద్యాకానుక సంచిలో మైలవరం పిల్లలకూ ఒక బొమ్మల నిఘంటువు అందింది. పై తరగతులకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఇచ్చారు. పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లీషు. అలాంటి బొమ్మల పుస్తకంలో లివింగ్ రూమ్ బొమ్మ చూసిన పిల్లకు తన ఇంట్లో దానికి సరిపోయే గది కనబడదు. ఉన్న ఒక్క గదిలోనే వంట, పడక, చదువు జరిగే ఇళ్ళు ఈ మండలంలో ఎన్ని లేవు! ఆ పిల్ల ఆ మాటను నేర్చుకుంటుంది, పరీక్షలో రాస్తుంది. స్టవ్వు, మిక్సీ, ఫ్రిజ్, ఫ్యాను మాత్రం ఎవరూ నేర్పకుండానే ఎప్పుడో వచ్చేశాయి. బట్టీ పట్టవలసిన చిట్టాలో వాటిని కూడా వేసే పంతుళ్ళు అనవసరంగా శ్రమపడుతున్నారు. ఇంట్లో లేనివాటి మీదే పెట్టాలి ఆ గంట.

విజయవాడలో అపార్ట్‌మెంట్లు అమ్మేవాళ్ళ కాగితాల్లో ఇప్పుడు మాస్టర్ బెడ్‌రూమ్, డైనింగ్, సిటౌట్, యుటిలిటీ. తెలుగులో మిగిలింది పూజ ఒక్కటి, దానికి కూడా రూమ్ తగిలించారు. యుటిలిటీ అంటే పెరడు పోగా మిగిలిన నాలుగడుగుల జాగా. అంట్లు అక్కడే తోమాలి, వాషింగ్ మెషీన్ అక్కడే తిరగాలి, తులసికుండీ అక్కడే పెట్టుకోవాలి. తాతమ్మ దాన్ని ఇప్పటికీ దొడ్డి అంటుంది. మనవరాలికి అర్థమవుతూనే ఉంది.