ఇంజనులో పేలుళ్ల వరుస

ఒకే రోటిలో ముగ్గురు స్త్రీలు వడ్లు దంచునప్పుడు, ఒకరి రోకలి పడిన పిమ్మట రెండవవారిది, ఆ పిమ్మట మూడవవారిది పడును. ఆ వరుస తప్పినచో రోకళ్లు ఢీకొనును, రోలు కదలును. మోటారు ఇంజనులోను ఇట్టి నియమమే కలదు. సిలిండరులో పైకి క్రిందికి ఆడు పిస్టనుకు మన శాస్త్ర గ్రంథములలో ముషలకమని పేరు, ముసలమనగా రోకలియే. ఏ సిలిండరు తరువాత ఏ సిలిండరులో ఇంధనము మండవలెనను ఏర్పాటును పేలుడు వరుస అనవచ్చును. ఈ వరుసలోని మర్మము తెలిసికొనుటకు ఇంజనీర్లకు అనేక దశాబ్దములు పట్టినది.

1876లో జర్మనీలో నికొలాస్ ఆటో నిర్మించిన నాలుగు స్ట్రోకుల ఇంజనుతో ఈ కథ ఆరంభమగును. పీల్చుట, నొక్కుట, మండించుట, వెడలగొట్టుట అను నాలుగు పనులు ముగియుటకు షాఫ్టు రెండు చుట్లు తిరుగవలెను. ఆ రెండు చుట్లలో త్రోపు లభించునది ఒక్కసారి మాత్రమే. తక్కిన కాలమంతయు ఫ్లైవీలు అను బరువైన చక్రమే ఇంజనును ఈడ్చుకొని పోవును. ఈ ఎగుడుదిగుళ్లను తగ్గించు మార్గములలో సిలిండర్ల సంఖ్యను పెంచుట ఒకటి. నాలుగున్నచో అర చుట్టుకొక పేలుడు, ఆరున్నచో చుట్టులో మూడవ వంతునకొక పేలుడు లభించును.

నాలుగు సిలిండర్లను 1-2-3-4 అని వరుసగా పేల్చరాదా అని పాఠకులకు తోచవచ్చును. సమాన వ్యవధులలో అట్లు పేలవలెనన్నచో 1, 3 ముషలకములు ఒక జతగాను, 2, 4 మరొక జతగాను కదలవలెను. అప్పుడు పైకి పోవు బరువులు, క్రిందికి వచ్చు బరువులు సమానమే అయినను, ఒకదానికొకటి ఎదురుగా లేనందున ఇంజను ఒక కొన లేచి, ఒక కొన దిగి ఊగును. చివరి రెండును ఒక జతగా, నడిమి రెండును ఒక జతగా అమర్చినచో ఈ ఊపు పోవును. ఈ అమరికలో సమ వ్యవధులతో పేలుటకు రెండే వరుసలు సాధ్యము: 1-3-4-2, 1-2-4-3. ఐనను చుట్టుకు రెండుసార్లు వచ్చు అదురు మిగిలియే యుండును. దానిని అణచుటకు ఆంగ్లేయ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టరు, ఇంజనుకు రెట్టింపు వేగముతో ఒకదానికొకటి ఎదురు దిశలలో తిరుగు రెండు బరువులను అమర్చు ఉపాయమును కనిపెట్టెను.

1904 నాటికి ఇంగ్లండులో నేపియరు కంపెనీ ఆరు సిలిండర్ల కార్లను అమ్మజొచ్చినది. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నున్న ఇంజనులో కదలు బరువులన్నియు చక్కగా సరితూగును. కాని క్రొత్త చిక్కు వచ్చిపడెను. షాఫ్టు పొడుగాయెను. ప్రతి పేలుడును దానిని తడిబట్టను పిండినట్లు రవంత మెలిపెట్టును. ఉక్కు గనుక అది తిరిగి విప్పుకొనును. ఉయ్యాలను సరియైన అదను చూచి త్రోసినచో ఊపు పెరుగునట్లు, పేలుళ్ల తరచుదనము షాఫ్టు స్వంత కంపనముతో కలిసినచో మెలిక పెరిగి పెరిగి ఉక్కు విరుగును. తొలి ఆరు సిలిండర్ల ఇంజనులకు ఈ ముప్పు తప్పలేదు. షాఫ్టు కొనను ఒరిపిడితో తిరుగు చిన్న చక్రమును బిగించి, కంపనశక్తిని వేడిగా మార్చు సాధనమును కూడ లాంచెస్టరే రూపొందించెను. 1-5-3-6-2-4 అను ప్రసిద్ధమైన వరుసను పరికించినచో, పేలుళ్లు ముందు భాగమున ఒకటి, వెనుక భాగమున ఒకటిగా మారుచుండుట కనబడును.

ఈ కంపనమును ఉపేక్షించినచో ఎంత ఆపద కలుగునో 1929 మే నెలలో లోకమునకు తెలిసినది. అమెరికాకు బయలుదేరిన జర్మను ఆకాశనౌక గ్రాఫ్ జెప్పెలిన్ ఐదు ఇంజనులలో నాలుగు దారిలోనే నిలిచిపోయినవి. కెప్టెను హ్యూగో ఎకెనరు దానిని ఎట్లో నడిపి, ఫ్రాన్సులో తూలోను సమీపమున సురక్షితముగా దింపెను. షాఫ్టుల మెలి కంపనమే దీనికి కారణమని తేలినది. లోపమును సవరించిన పిమ్మట అదే నౌక ఆగస్టులో సుమారు 21 దినములలో భూప్రదక్షిణము చేసివచ్చెను.

సమ వ్యవధియే అన్నిటికిని మేలని తలచుటయు సరికాదు. 1992లో హోండా కంపెనీ తన 500 సి.సి. పందెపు మోటారుసైకిలులో నాలుగు పేలుళ్లను ఒకదాని వెంట ఒకటిగా దగ్గరకు చేర్చెను. మిగిలిన వ్యవధిలో వెనుక టైరునకు విశ్రాంతి దొరకి, నేలను మరల పట్టుకొనుటకు వీలు కలిగినది. కాని ఆ లాభము ఊరక రాలేదు. దెబ్బలన్నియు ఒక్కుమ్మడిగా పడుటచే గేర్లు, క్లచ్చి, గొలుసు మోయవలసిన భారము పెరిగెను. 2009లో యమహా తన ఆర్-1 మోటారుసైకిలునకు 270, 180, 90, 180 డిగ్రీల ఎడములతో పేలు నాలుగు సిలిండర్ల ఇంజనును అమర్చెను.

కావున పేలుడు వరుస కేవలము అంకెల క్రమము కాదు. ముషలకముల తూనిక, షాఫ్టు మెలిక, గేర్ల ఓర్పు అను మూడును దానిపై ఆధారపడియున్నవి. ఒకదానికి మేలు చేయు వరుస మరొకదానికి భారము కావచ్చును. ఇంజను వెలుపలనున్న గొలుసును, చక్రమును కూడ లెక్కలోనికి తీసికొని వరుసను నిర్ణయించుటయే ఈ చరిత్ర నేర్పిన పాఠము.