పచ్చిదనం ఒక శ్రవణవిలువ: ‘బ్లాక్ సబ్బాత్’ తొలి ఆల్బమ్, ‘మా భూమి’ పాట

వ్యాససంగ్రహం: తొలి రచనల్లో, తొలి రికార్డింగుల్లో వినిపించే పచ్చిదనాన్ని శిక్షణలేమిగానో అమాయకత్వంగానో వివరించే అలవాటు తెలుగు విమర్శలో ఉంది. 1970లో వెలువడిన ఒక హార్డ్ రాక్ ఆల్బమ్‌ను, 1979 నాటి ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ పాడిన పాటను పక్కపక్కన ఉంచి, ఆ పచ్చిదనం నిర్బంధాలకూ ఎంపికలకూ కలిసి పుట్టినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పచ్చిదనం, గాయకదోషాలు, హార్డ్ రాక్, జననాట్యమండలి, మా భూమి.

ప్రవేశిక

చిక్కడపల్లిలోని శ్రీ త్యాగరాయ గానసభ 1966లో ఏర్పడింది. అక్కడినుంచి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమాహాళ్ళకు నడిచి వెళ్ళవచ్చు. ఈ కొద్దిపాటి దూరంలోనే నగరపు తెలుగు శ్రోత చెవికి రెండు రకాల శిక్షణ దొరికింది. ఒకచోట కచేరీ, మరొకచోట నేపథ్యగానం. ఇవి వేర్వేరు లోకాలుగా కనిపిస్తాయి గాని గొంతు విషయంలో రెండింటి తీర్పూ దాదాపు ఒకటే. గొంతు నునుపుగా ఉండాలి, పాడేవారి శ్రమ వినేవారికి తెలియకూడదు. విజయనగరం సంగీత కళాశాలలో చదివి వెండితెరకు పాడిన ఘంటసాల ఈ రెండు లోకాలకూ ఆమోదయోగ్యుడు కావటంలో ఆశ్చర్యం లేదు.

ఈ తీర్పుకు లొంగని గొంతును ఏమని పిలవాలి? మోటు, నాటు, ముతక, కరకు అన్న మాటలున్నాయి. వీటిలో ఏదీ మెప్పుగా పుట్టినది కాదు. ‘నాటు’కు ఇటీవల ఒక సినిమాపాట వల్ల గౌరవం వచ్చిందిగాని, అది మాటకు వచ్చిన గౌరవం, గొంతుకు వచ్చినది కాదు. ఈ వ్యాసంలో ‘పచ్చి’ అన్న మాటను ఎంచుకోవటానికి కారణం దాని అర్థవైవిధ్యమే. పచ్చికాయ అంటే పండనిది. పచ్చిగాయం అంటే ఇంకా మానినది కాదు. పచ్చినిజం అంటే ముసుగు లేనిది. పచ్చిబాలింత అంటే ఇప్పుడిప్పుడే కాన్పైన స్త్రీ. మొదటి ప్రయోగం ఒక్కటే కొరతను చెబుతుంది. మిగిలినవి సంఘటనకు దగ్గరగా ఉండటాన్ని చెబుతాయి. మన విమర్శ తొలి రచనలను మొదటి అర్థంలో మాత్రమే ‘పచ్చి’ అంటుంది. శ్రోత ఆకర్షణ పొందేది తక్కిన అర్థాల వల్ల.

శాస్త్రంలో దోషం

శార్ఙ్గదేవుని ‘సంగీతరత్నాకరం’ (13వ శతాబ్ది) 25 రకాల దోషయుక్త గాయకులను పేర్కొంటుంది. పెద్దగా అరిచి పాడేవాడు ఉద్ఘుష్టుడు. కాకిలా కఠినంగా పాడేవాడు కాకి. నోరు భయంకరంగా తెరిచేవాడు కరాళి. నుదుటిపైన, ముఖాన, మెడపైన నరాలు ఉబ్బిపోగా పాడేవాడు ఝోంబకుడు. ఏ రాక్ గాయకుని ఛాయాచిత్రం చూసినా, గద్దర్ వేదికపై ఉన్న ఏ చిత్రం చూసినా ఈ ఝోంబకుడే కనిపిస్తాడు. శాస్త్రకారుని పరిశీలన ఎంత నిశితమో ఇక్కడ గమనించాలి. దేహం చేసే పనిని ఆయన కళ్ళారా చూశాడు, పేరు పెట్టాడు, ఆపైన దోషాల పట్టికలో చేర్చాడు. పేరు సరైనదే. పట్టికను మాత్రం ఇప్పుడు తిరిగి పరిశీలించవలసి ఉంది.

ఒక్క రోజు, రెండు వేళ్ళు

దోషమనిపించిన ధ్వనే ఒక ప్రక్రియకు పునాది కావటానికి స్పష్టమైన ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. 1969 అక్టోబరులో బ్లాక్ సబ్బాత్ బృందం తన తొలి ఆల్బమ్‌ను లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒక్కరోజులోనే రికార్డు చేసింది. 1970 ఫిబ్రవరి 13న అది విడుదలైంది. బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ అనే కార్మికవాడకు చెందిన ఆ నలుగురు యువకులు క్లబ్బుల్లో వాయిస్తున్న పాటలనే స్టూడియోలోనూ వాయించారు. దిద్దుకోవటానికి వ్యవధి లేదు, డబ్బూ లేదు. గిటారిస్టు టోనీ అయోమీ 17 ఏళ్ళ వయసులో రేకుల కర్మాగారంలో తన ఆఖరి పనిదినాన కుడిచేతి రెండు వేళ్ళ కొనలను యంత్రానికి పోగొట్టుకున్నాడు. అతడిది ఎడమచేతివాటం, తీగలను నొక్కవలసినవి సరిగ్గా ఆ వేళ్ళే. ప్లాస్టిక్ సీసాను కరిగించి తొడుగులు చేసుకున్నాడు, పలుచని తీగలు వాడాడు, తరవాతి ఆల్బమ్‌లలో తీగల శ్రుతిని బాగా దించాడు. ఆ బృందపు బరువైన నాదానికి మూలాలలో ఒకటి ఈ గాయం.

అయితే ఈ కథను ఇక్కడితో ఆపితే పచ్చిదనం యాదృచ్ఛికమని తేలుతుంది. కాదు. ఆల్బమ్ మొదట్లో వినిపించే వాన, ఉరుము, గంట తరవాత స్టూడియోలో చేర్చినవి. వాటి వెంటనే వచ్చే గిటారు పలుకు మన పరిభాషలో షడ్జం, తారాషడ్జం, ప్రతిమధ్యమం. షడ్జ–ప్రతిమధ్యమాల మధ్య దూరాన్ని పాశ్చాత్యులు సైతానుకు ముడిపెట్టారు. మనకు 72 మేళకర్తలలో 36 ప్రతిమధ్యమానివే. కల్యాణి విని భయపడినవారు ఎవరూ లేరు. కర్కశత్వం స్వరంలో లేదు, వినేవారి సంస్కారంలో ఉంది. అయోమీ ఆ సంస్కారాన్ని తెలిసే కవ్వించాడు. ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ ఆ ఆల్బమ్‌ను తీసిపారేశాడు. బ్రిటన్ శ్రోతలు దాన్ని తొలి పది స్థానాల్లోకి చేర్చారు.

గొంగడి కప్పుకున్న గొంతు

అదే దశకంలో హైదరాబాదులో జరిగినది వేరే చరిత్ర. ఇక్కడ విద్యుత్ గిటారు లేదు, ఆల్బమ్ అన్న భావనా లేదు. 1970లో విరసం, 1972లో జననాట్యమండలి ఏర్పడ్డాయి. గుమ్మడి విఠల్‌రావు అనే తూప్రాన్ యువకుడు గదర్ పార్టీ స్మృతిగా గద్దర్ అయ్యారు. ఆయన అంతకుముందే ప్రభుత్వ ప్రచార కార్యక్రమాలకు బుర్రకథలు చెప్పినవారు. ఈ వివరం మన చర్చకు కీలకం. ‘సహజంగా పొంగిన జనం గొంతు’ అని మనం రాసే వాక్యాలలో ఈ అభ్యాసం మాయమవుతుంది. బుర్రకథకుడికి గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ విరవాలో, వంతపాటను ఎక్కడ రప్పించాలో తెలుసు.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ‘మా భూమి’ (1979)లో గద్దర్ ‘బండెనక బండి కట్టి’ని స్వయంగా తెరపై కనిపించి పాడారు. రచయిత సాయుధపోరాట యోధుడు బండి యాదగిరి. పాట మొదట జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే దేశముఖును పేరుపెట్టి నిలదీసింది. సినిమాకు వచ్చేసరికి ఆ స్థానంలో నిజాం సర్కారు నిలిచింది. ఒక ఊరి తగాదా రాజ్యం మీది ఫిర్యాదుగా విస్తరించింది. ఇది లాభమా నష్టమా అన్నది చర్చించదగినదే. పేరు పోగానే పచ్చిగాయం కొంత మానుతుందని నా అభిప్రాయం. కాని గొంతు ఆ నష్టాన్ని పూడ్చింది.

చిత్రానికి సంగీతం వింజమూరి సీతాదేవి, నాగభూషణం. వింజమూరి సోదరీమణులు జానపదగేయాన్ని సభావేదికకు తగినట్టు తీర్చి అందించినవారు. అటువంటి సంగీతకారిణి పనిచేసిన చిత్రంలో ఈ గొంతు మెరుగు పెట్టకుండానే మిగలటం పరాకు వల్ల జరిగి ఉండదు. శ్రుతి చక్కదిద్దగల వ్యక్తి ఉండి కూడా చక్కదిద్దకపోవటం కళానిర్ణయం. ఆస్టన్ యువకులకు వ్యవధి లేక మిగిలినది ఇక్కడ తెలిసే మిగిలింది. ఫలితం మాత్రం ఒక్కటే: వాక్యం చివర అరిగే ఊపిరి, పైస్థాయిలో చీలే నాదం, పాడేవారి ఛాతీ ఎంత పనిచేస్తున్నదో చెప్పే తొందర. ఉద్ఘుష్టుడూ ఝోంబకుడూ ఒకే దేహంలో కనిపిస్తారు.

పరీక్షలో ఒక బిట్టు

గద్దర్ 2023 ఆగస్టు 6న మరణించారు. తెలంగాణ రాష్ట్ర సినిమా పురస్కారాలు ఇప్పుడు ఆయన పేరిటే ఉన్నాయి. అశోక్‌నగర్ అద్దెగదుల్లో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదివే అభ్యర్థులకు తెలంగాణ ఉద్యమం ఒక పేపరు. ‘బండెనక బండి కట్టి’ రచయిత ఎవరన్నది అందులో పట్టుమని నాలుగు ఆప్షన్లున్న బిట్టు కాగలదు. సరైన గడిని నింపటానికి ఆ పాటను ఒక్కసారీ వినవలసిన అవసరం లేదు. అభ్యర్థులను తప్పుపట్టటం సులభం. నారాయణగూడ పరిసరాల కళాశాలల్లోనూ ఇంకెక్కడైనా జానపదసాహిత్యం బోధించే మనం చేస్తున్నదీ అదే: పాట పాఠాన్ని బోర్డు మీద రాసి, కవి, కాలం, నేపథ్యం చెప్పి ముందుకు సాగుతాం. గొంతు పాఠ్యాంశంలో లేదు.

1979 నాటి ఈ రికార్డింగునూ, 2011లో ‘జై బోలో తెలంగాణ’ చిత్రానికి గద్దర్ పాడిన ‘పొడుస్తున్న పొద్దు మీద’ పాటనూ తరగతిలో వరసగా వినిపించవచ్చు. రెండింటి నడుమ 32 ఏళ్ళు, 1990 నాటి నిజాం కళాశాల మైదాన సభ, 1997లో దేహంలోకి దిగిన తూటా ఉన్నాయి. ఆ గొంతులో ఏది నునుపైంది, ఏది ఇంకా పచ్చిగా ఉందో విద్యార్థులను రెండు పుటల్లో రాయమని అడగాలి; సాహిత్యపాఠం చేతికి ఇవ్వకుండా.