ముందు ఆగేది గుండెనా, ఊపిరా?

హైదరాబాద్ వైద్య చరిత్ర అనగానే రొనాల్డ్ రాస్, మలేరియా దోమ, 1897 గుర్తుకొస్తాయి. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఇదే ఊళ్లో దేహధర్మానికి సంబంధించిన ఒక మూలప్రశ్న మీద పెద్ద పరిశోధన జరిగిన సంగతి చాలామందికి తెలియదు. క్లోరోఫాం మత్తులో మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఊపిరేనని హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ తేల్చింది. ఆ తీర్పు సగం ఒప్పు, సగం తప్పు. ఒప్పైన సగం ఎన్నో ప్రాణాలు నిలిపే దారి చూపింది. తప్పైన సగానికి మూలం ప్రశ్న వేసిన తీరులోనే ఉందని నా అభిప్రాయం. గుండె ఒక గదిలో, ఊపిరితిత్తులు మరో గదిలో వేర్వేరు కాపురాలు చేస్తున్నట్టు భావించి అడిగిన ప్రశ్న అది.

1847 నవంబరులో ఎడింబరో వైద్యుడు జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను ప్రసవాలకూ శస్త్రచికిత్సలకూ వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి నిమిషాల్లో కన్నుమూసింది. ఆపరేషన్ అంటే భయపడి ఆమె అంతకుముందే ఏడుస్తూ ఉంది. ఈ వివరాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం. అలాంటి మరణాలు పెరిగేకొద్దీ వైద్యులు రెండు వర్గాలయ్యారు. గుండె హఠాత్తుగా ఆగిపోతుంది, కాబట్టి నాడి మీద వేలుంచాలన్నది లండన్ వాదం. నాడిని పక్కనపెట్టి ఊపిరినే కనిపెట్టి ఉండాలన్నది ఎడింబరో సర్జన్ జేమ్స్ సైమ్ బోధ. ఆ సైమ్ శిష్యుడే హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల అధిపతిగా పనిచేసిన ఎడ్వర్డ్ లారీ.

ఎడింబరో వాదానికి శరీరంలోనే గట్టి ఆధారం ఉంది. గుండెకు తనంతట తాను కొట్టుకునే గుణం ఉంది. నరాలన్నీ తెంచినా అది కొంతసేపు కొట్టుకుంటుంది. ఊపిరికి ఆ స్వేచ్ఛ లేదు. మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట ఉన్న శ్వాసకేంద్రం క్షణక్షణం ఆజ్ఞ పంపితేనే ఛాతీ కదులుతుంది. క్లోరోఫాం ఆవిరి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడులోకి చేరుతుంది. మోతాదు పెరిగేకొద్దీ ముందు తెలివి తప్పుతుంది, తర్వాత అసంకల్పిత చర్యలు పోతాయి, చివరికి శ్వాసకేంద్రం మూగబోతుంది. ఊపిరి ఆగాక కూడా గుండె కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ కాసేపట్లో కృత్రిమ శ్వాస ఇస్తే మనిషి బతుకుతాడు. నాడి చూస్తూ కూర్చున్న వైద్యుడికి ప్రమాదం తెలిసేసరికి ఆ గడువు దాటిపోతుంది.

1888లో లారీ చొరవతో ఏర్పడిన మొదటి కమిషన్ 141 కుక్కల మీద ఈ క్రమాన్నే చూసింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండంది. గుండె వాదాన్ని నమ్మే లండన్ వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. 1889 చివరి నెలల్లో నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. వాటిలో కొన్నిటికి రక్తపోటునూ శ్వాసనూ పక్కపక్కనే గీతలుగా నమోదుచేసి, ఆ గీతలను ఫోటోలు తీశారు. బ్రంటన్ తన మాట మార్చుకున్నాడు. క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదని లండన్‌కు తంతి పంపాడు.

ఇక్కడే సగం జారిపోయింది. అదే 1889లో అబర్డీన్ ఆచార్యుడు జాన్ మాక్‌విలియం, గుండె జఠరికలు లయ తప్పి వణకడం మొదలైతే రక్తప్రసరణ ఆగి మనిషి హఠాత్తుగా చనిపోగలడని రాశాడు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలు చిక్కు విప్పాయి. పలుచని క్లోరోఫాం మత్తులో ఉన్నప్పుడు రక్తంలో అడ్రినలిన్ పెరిగితే జఠరికలు వణికి గుండె చటుక్కున ఆగుతుంది. భయం అడ్రినలిన్‌ను పెంచుతుంది. ఏడుస్తూ కూర్చున్న హానా గ్రీనర్ చావుకు ఇంతకంటే సరిపోయే వివరణ నాకు కనిపించదు. హైదరాబాద్ ప్రయోగాల్లో ప్రధానంగా వెతికింది మోతాదు మించితే ఏమవుతుందన్నది. మత్తు పూర్తిగా పట్టకముందే, భయం వల్ల వచ్చే చావు ఆ గీతలకు చిక్కలేదు.

లారీ గురుభక్తితో ముందే తీర్పు రాసుకున్నాడని కొందరు అంటారు. పట్టుదల ఉన్నమాట నిజం, కానీ ప్రత్యర్థిని డబ్బిచ్చి పిలిపించుకుని అతని కళ్లముందు ప్రయోగం చేయించిన వాళ్ల మీద ఆ నింద పూర్తిగా నిలవదు. అప్పటికి ఎవరికీ తెలియని సంగతికి కమిషన్‌ను తప్పుపట్టకూడదన్న వాదం మరొకటి. మాక్‌విలియం వ్యాసం చూశాక దాన్నీ నేను ఒప్పుకోలేను. గుండెకు ప్రమాదం లేనే లేదని అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది. అన్ని వందల మూగజీవాలను చంపడం తగునా అన్న ప్రశ్న అన్నిటికంటే బరువైనది. దానికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. ఆ గీతల వల్ల మత్తులో ఉన్న రోగి ఛాతీ కదలికను కనిపెట్టాలన్న పాఠం బలపడిందన్నది మాత్రం కాదనలేం.

ఆ పాఠం నేర్చినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా పేరు పొందారు. ఆ పాఠశాలే తర్వాత ఉస్మానియా వైద్య కళాశాల అయింది. కమిషన్ నివేదిక 1891లో బొంబాయిలో అచ్చయింది. దాని సారం తెలుగులో రావాలి. అది తేల్చిన నిజంతో పాటు అది చేసిన తప్పునూ మన వైద్య విద్యార్థులకు దేహధర్మశాస్త్రం మొదటి ఏడాదే చెప్పాలి.